మా అక్క మొక్కని మొక్కు

మా అక్క ఏ దేవుడికీ ఏమీ మొక్కుకోలేదు. ఈ మాట ఇప్పుడు మా బంధువుల్లో ఎవరికి చెప్పినా నమ్మరు. ఎందుకంటే మొక్కుకుందని వాళ్లకు చెప్పిందీ నేనే, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టి ముడుపు చూపించిందీ నేనే. ఎవరెవరి మీద నాకు కోపముందో వరసగా రాసి పారేద్దామని కూర్చున్నాను. రాయడం మొదలుపెట్టాక ఆ వరసలో నేనూ నిలబడాల్సి వచ్చేట్టుంది. ముందు మిగతావాళ్ల సంగతి చెబుతాను.

అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్దది. ఉయ్యాలవాడ దగ్గర పల్లెలో ఆమె అత్తగారిల్లు. నేను నంద్యాలలో ఉంటాను, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆమె చదువు ఐదో తరగతితో ఆగింది. పెళ్లయిన వారానికి చేలోకి దిగిన మనిషి మళ్లీ గట్టెక్కలేదు. శనగ పీకడం, పత్తి తీయడం, మిరప కోయడం, కలుపు, మళ్లీ కలుపు. నల్లరేగడి తడిసిందంటే అడుగుకొక ముద్ద కాలికి పట్టుకుంటుంది. ఆ ముద్దలన్నీ మోసుకుంటూ నలభై ఏళ్లు నడిచింది. మొన్న శీతాకాలం మొదట్లో నంద్యాలలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి, రెండు మోకాళ్లలోనూ గుజ్జు లేదు, రెండూ మార్చాల్సిందేనన్నాడు. నెలన్నర తర్వాత తేదీ ఇచ్చాడు. ఆపరేషన్ అయ్యాక నేల మీద కూర్చోకూడదు, చేలో వంగకూడదు, కొండలూ గుట్టలూ ఎక్కకూడదని కూడా చెప్పాడు.

బయటికొచ్చి టీ అంగడి ముందు బెంచీ మీద కూర్చున్నాం. అక్క టీ సగం తాగి, గ్లాసు పక్కన పెట్టి, ఎప్పుడూ లేనిది నన్నొకటి అడిగింది.

"మే, నలభై ఏండ్లుగా చేన్లో నిలబడి ఆ నల్లమల కొండని సూస్తాండా. పొద్దు ఆడ్నే పుడతాది. లోపల ఎట్లుంటాదో ఒకతూరన్నా సూళ్లేదు. ఆపరేషనుకు ముందర ఒక పూట ఆ కొండలో నడిచి రావల్లని ఉండాది. తోడొస్తావా?"

ఆమె కొండ దగ్గరికి అసలే పోలేదని కాదు. దిగువ అహోబిలంలో బంధువుల పెళ్లిళ్లకు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ వంటపాత్రల కాపలా ఆమెకే పడింది. మిగతావాళ్లు ఎగువకు పోయి కొండా వాగూ చూసొచ్చి కబుర్లు చెబుతుంటే ఈమె గిన్నెలు తోమింది. ఆ సంగతి నాకు ఆ రోజు టీ అంగడి దగ్గరే తెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. వస్తాననడమే కాదు, నిన్ను కొండ కొసకు ఎక్కిస్తాను చూడు అన్నాను. అక్క నవ్వింది. ఆ నవ్వును నేను సరేననుకున్నాను.

నేనేదైనా చేస్తే పద్ధతిగా చేస్తాను. మా స్కూల్లో సైన్సు మేడమ్ రెండుసార్లు ఆ దారిన నడిచింది. ఆమెను కూర్చోబెట్టి మలుపు మలుపుకూ అడిగి రాసుకున్నాను. ఎగువ అహోబిలం గుడి దగ్గర దిగాలి. అక్కణ్నుంచి భవనాశి వాగు పక్కనే బండల మీదుగా దారి. తర్వాత మెట్లు, ఇరుకు దారులు, వంతెన, జ్వాలా నరసింహస్వామి గుడి, ఆపైన కష్టపడి ఎక్కితే ఉక్కుస్తంభం. అక్కడ నిలబడి పడమటికి చూస్తే మైదానమంతా పరిచినట్టు కనబడుతుందని మేడమ్ చెప్పింది. అంటే అక్క చేను కూడా కనబడాలి. నలభై ఏళ్లు కింద నుంచి కొండను చూసిన మనిషి కొండ మీద నుంచి తన చేను చూస్తుంది! ఆ ఊహ నాకు ఎంత నచ్చిందంటే, గమ్యం ఉక్కుస్తంభం అని కాగితం మీద పెద్దక్షరాలతో రాసి కింద రెండు గీతలు గీశాను.

ఒక ఆదివారం నేనొక్కదాన్నే బస్సెక్కి పోయి దారి చూసొచ్చాను. వాచీ చూసుకుంటూ వాగు వెంబడి కొంత దూరం నడిచాను. నాకు పట్టిన సమయానికి రెండింతలు అక్క కోసం రాశాను. దారి మొదట్లో కర్రలు అమ్మే ఆవిడను ఏ కర్ర గట్టిదో అడిగాను. కాపలా మనిషిని పొద్దుగూకే లోపల ఎప్పటికి కిందికి దిగాలో అడిగాను. డాక్టరు దగ్గరికి మళ్లీ పోయి, ఆమె నడవచ్చా అని సూటిగా అడిగాను. ఇప్పటికే అరిగిన మోకాళ్లు, ఒక్కరోజు నడకకు కొత్తగా చెడేదేమీ లేదు, నొప్పి మాత్ర అరగంట ముందు వేయండి, మోకాళ్లకు పట్టీ కట్టండి, కర్ర ఇవ్వండి అన్నాడు. లేచి వస్తుంటే ఇంకో మాట కూడా అన్నాడు. ఎక్కడ ఆగాలో ఆమెకే తెలుస్తుందమ్మా, ఆగుతానన్న చోట ఆగనివ్వండి అన్నాడు. మాత్రలు, పట్టీలు, కర్ర కాగితం మీదికెక్కాయి. ఈ చివరి మాట ఎక్కలేదు.

చెప్పుల దుకాణంలో మొదటి గొడవ జరిగింది. అక్క పాదం కాగితం మీద పెట్టించి పెన్సిలుతో గీత గీసుకొచ్చాను. ఆమె జన్మలో బూట్లు తొడగలేదు. చేలో తిరిగి తిరిగి పాదం వెడల్పయింది, ఆడవాళ్ల కొలతల్లో ఒక్కటీ సరిపోలేదు. మగవాళ్ల కాన్వాసు బూట్లు తీయమంటే దుకాణంలో అబ్బాయి ఆ కాగితం పట్టుకుని పక్కవాడికి చూపించి నవ్వాడు. ఆ పాదాలు పండించిన శనగలే మీ ఇంట్లో బజ్జీలవుతున్నాయిరా అని అందరూ వినేట్టు చెప్పి, బూట్లు కొనుక్కుని వచ్చాను.

మొత్తం నాలుగు కాగితాలు తయారయ్యాయి. నెలలో రెండో శనివారం నాకు సెలవు. ఉదయం మొదటి బస్సుకు నేను నంద్యాల నుంచి బయల్దేరతాను. అక్క ఆటోలో ఆళ్లగడ్డకొస్తుంది. బస్టాండు పక్కన ఉగ్గాని తిని అహోబిలం బస్సెక్కుతాం. ఎనిమిదిన్నరకు నడక మొదలు. సాయంత్రం ఐదుకు దిగిపోతాం. మేమిద్దరమే. నకలు ఒకటి రాసి అక్కకిచ్చాను. ఆమె కూడబలుక్కుని మొదటి కాగితం చదివి, మడిచి బొడ్లో పెట్టుకుంది.

ఇక ఇంట్లో చెప్పాలి కదా. ఆ పని నేనే పెట్టుకున్నాను. పల్లెకు పోయేసరికి అక్క పిండి మరకు పోయింది. బావ మంచం మీద పడుకుని ఫోన్లో క్రికెట్ చూస్తున్నాడు. అక్క కొడుకు కూడా ఉన్నాడు. వాడికి ఆళ్లగడ్డలో ఎరువుల అంగడి ఉంది, ఆ రోజు ఏదో పని మీద వచ్చాడు. అక్క అత్తగారు మూలన కూర్చుని కందులు బాగుచేస్తోంది. అక్కా నేనూ ఒక రోజు కొండలో నడిచి వస్తామని చెప్పాను.

బావ ఫోన్లోంచి తల తిప్పకుండానే, "ఏం మొక్కుకుండాది?" అన్నాడు.

మొక్కేమీ లేదు, ఊరికే నడవడానికన్నాను. ఊరికే అంటే ఏందీ అన్నాడు. అక్కడ మొదలైంది. మొక్కు లేకుండా కొండలో ఏం పని? ఎలుగుబంట్లుంటాయి. ఇద్దరాడవాళ్లు ఒంటరిగా పోతే ఊళ్లో ఏమనుకుంటారు? శనగ చేలో మందు కొట్టే రోజులివి, ఆ రోజు కూలోళ్లకు అన్నం ఎవరు మోస్తారు? మోకాళ్లు పోయినాయని డాక్టరు చెబితే కొండెక్కుతానంటోందా, ఆమెకేమన్నా మతిపోయిందా? బావ చెడ్డవాడు కాడు. చెయ్యెత్తలేదు, తాగి రాలేదు, ఆపరేషన్ వద్దనలేదు. అందుకే నాకింకా కోపం. చెడ్డవాడైతే పోట్లాడవచ్చు. ఈయనకు అర్థమే కాలేదు. తన భార్యకు ఒకటి కావాలనిపించడమనేది ఆయన ఇంట్లో అంతకుముందెప్పుడూ జరగలేదు. ఇన్ని ప్రశ్నల్లో ఆమెకెందుకు పోవాలనుందని ఒక్కరూ అడగలేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంటలోనే నోరు జారింది. మొక్కుకుంది అన్నాను. ఆపరేషన్ చల్లగా జరగాలని, దానికి ముందే కాలినడకన కొండెక్కి స్వామిని చూసుకుంటానని మొక్కుకుంది, మీకు చెప్పడానికి మొహమాటపడింది అన్నాను.

బావ ఫోను ఆపాడు. లేచి కూర్చుని, "అట్లని ముందే చెప్పల్ల గదా" అన్నాడు. అంతే. ఎలుగుబంట్లు లేవు, కూలోళ్లు లేరు, మోకాళ్లు లేవు. మొక్కనే ఒక్క మాటకు అన్ని దారులూ తెరుచుకున్నాయి. నేను గెలిచాననుకున్నాను. అప్పుడు మూలన అత్త చేటలోంచి తలెత్తి, "ముడుపు యాడ కట్టింది?" అని అడిగింది. దేవుడి గూట్లో ఉందన్నాను. లోపలికి పోయి, పాత పంచె చెంగు చించి, పసుపులో ముంచి, నా పర్సులోంచి రూపాయి బిళ్ల తీసి కట్టి, దీపం వెనకాల పెట్టి వచ్చాను. పిల్లలు కాపీ కొడితే చెవి మెలిపెట్టే టీచరును.

అక్క పిండి డబ్బా దించాక పెరట్లో బట్టలుతికే బండ దగ్గరికి తీసుకుపోయి అంతా చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె చాలాసేపు బండ మీద నీళ్లు ఎండడం చూస్తూ నిలబడింది.

"దేవుని మీద అబద్ధం ఆడినావు, అది గుడక నా పేరు మీద" అంది. మళ్లీ, "నాకు పోవల్లనుండాదంటే వాళ్లకి సాలదామ్మే?" అంది.

చాలలేదనే కదా ఇంతసేపూ చెప్పాను అన్నాను.

మొక్కు ఒకసారి బయటపడ్డాక అది మనిషిది కాదు, వంశానిది. ఈ సంగతి నాకు తెలియదని ఎలా అనను? పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. కోపంలో మర్చిపోయాను. మూడోనాటికి ఫోన్లు మొదలయ్యాయి. బావ తమ్ముళ్ల కుటుంబాలు వస్తాయట. అక్క కోడలి పుట్టింటివాళ్లు వస్తారట. ఎలాగూ పోతున్నారు కదా, వాళ్ల చిన్న పిల్లకు పుట్టు వెంట్రుకలు కూడా అక్కడే తీయిస్తారట. బస్సు మాట పోయి వ్యాను మాట వచ్చింది. పంచాంగం చూసిన ఆయన తొమ్మిది దాటాక బయల్దేరమన్నాడు, నా మొదటి కాగితం అక్కడే చచ్చింది. కింద పొంగలి పెట్టాలి, అందుకు పొయ్యి, బియ్యం, పెద్ద గిన్నెలు. దానికి తోడు పులిహోర. వ్యానులో ఏసీ ఉంటుందా అని బావ తమ్ముడి భార్య నాకు ఫోన్ చేసి అడిగింది. నేను వ్యాన్ల వ్యాపారం మొదలుపెట్టినట్టు. కొండలో ఎంత దూరం నడవాలని మాత్రం ఎవరూ అడగలేదు. నేను పళ్లు బిగించుకుని ఐదో కాగితం రాశాను. తొమ్మిదిన్నరకు బయల్దేరినా, పదకొండున్నరకు నడక మొదలుపెడితే, అక్కను తొందరపెడితే, ఉక్కుస్తంభం ఇంకా అందుతుంది.

అసలు దెబ్బ వారం ముందు పడింది. అక్క కొడుకు అంగడి నుంచి ఫోన్ చేశాడు.

"చిన్నమ్మా, అమ్మ మొక్కు నేను తీరుస్తా. కొడుకు నడిస్తే తల్లి నడిచినట్టేనంట, అయ్యవారిని అడిగినా. అమ్మ కింద నీడన కూసుంటాది. పాపం, ఆ మోకాళ్లతో యాల నడిచేది?"

వాడి గొంతులో ప్రేమే ఉంది. అది నిజమైన ప్రేమని నాకు తెలుసు, అందుకే ఫోన్ పగలగొట్టాలనిపించింది. మొక్కుకున్నవాళ్లే నడవాలన్నాను. లేదు చిన్నమ్మా, శాస్త్రం ఉందన్నాడు. ఆమెకు నడవాలని ఉందిరా అన్నాను. నడిచే పని నాది గదా, ఆమెకెందుకు కష్టమన్నాడు. అసలు మొక్కే లేదని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే బావ ప్రయాణమే మానేస్తాడు, ముడుపు అబద్ధమని అత్త అక్కనే పీక్కుతింటుంది. నా అబద్ధం నన్నే కట్టేసింది. వాణ్ని నాలుగు తిట్టి ఫోన్ పెట్టేశాను. ఎందుకు తిట్టానో వాడికి తెలియదు. మర్నాడు తొమ్మిదో తరగతిలో ఒక్క తప్పుకు క్లాసు మొత్తాన్ని నిలబెట్టాను. ఇంట్లో మా ఆయన కూరలో ఉప్పు ఎక్కువైందంటే గరిటె విసిరికొట్టాను.

అక్కకు ఈ సంగతి చెప్పడానికి మళ్లీ పల్లెకు పోయాను. ఆమె చేలో శనగాకు గిల్లుతోంది. వంగలేక, మడి మధ్యలో చిన్న పీట వేసుకుని జరుగుతూ గిల్లుతోంది. ఎదురుగా తూర్పున కొండ నీలంగా ఉంది. నేను చెప్పింది విని, "పోనీలే. ఆడిదాకా పోతాం గదా" అంది. ఆ పోనీలే విని నాకొచ్చిన కోపం బావ మీద గానీ కొడుకు మీద గానీ రాలేదు. ఈ మనిషి నలభై ఏళ్లుగా పోనీలే అనబట్టే కదా ఇదంతా అనుకున్నాను. నీకు రోషం లేదా అని కూడా అడిగాను. ఆమె ఆకు గిల్లుతూనే ఉంది.

ఆ శనివారం నేను ఆళ్లగడ్డలో వ్యానెక్కాను. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, అప్పటికే ఆలస్యంగా బయల్దేరారు. అక్క వెనక సీట్లో, పట్టుచీరలో, పెద్ద గిన్నె జారకుండా మోకాళ్లతో అదిమి పట్టుకుని కూర్చుంది. ఏ మోకాళ్లతో! మిగతావాళ్లంతా ముందు సీట్లలో పాటలు పెట్టుకున్నారు. కాళ్లకు మామూలు చెప్పులున్నాయి. బూట్లేవని చెవిలో అడిగితే, కళ్లతో బియ్యం సంచి వైపు చూపించింది. ఎందుకు దాచావని అడగబోయాను, అంతలో పక్కావిడ పులిహోర గిన్నె నా ఒళ్లో పెట్టింది.

ఎగువ అహోబిలంలో చెట్ల కింద చోటు చూసి దిగాం. గుండు పని అయింది, పిల్ల ఏడ్చి నిద్రపోయింది. అక్క పొయ్యి ముట్టించింది. అది ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు, గిన్నె దించగానే అందరూ ఆమె వైపు చూశారు. కొడుకు ముడుపు చొక్కా జేబులో పెట్టుకుని, తల్లి కాళ్లకు దండం పెట్టి, పదిమందిని వెంటేసుకుని కొండదారి పట్టాడు. మలుపు దగ్గర నిలబడి ఫోటోలు తీసుకున్నారు. బావ భోజనాల దాకా లేపొద్దని చెప్పి వ్యానులో పడుకున్నాడు. కింద మిగిలింది అక్క, నేను, చాప మీద అత్త, పైన కొమ్మల్లో కోతులు. మళ్లీ ఆ పెళ్లిళ్లప్పటి లాగే గిన్నెల కాపలా. నేను ఇంత ప్రణాళిక వేసి ఆమెను తెచ్చి సరిగ్గా అక్కడే కూర్చోబెట్టాను. నా చేతిలోని కర్రతో ఎవర్ని కొట్టాలో తెలియక నేలను కొడుతున్నాను.

పొంగలి ఉడికింది. అక్క గిన్నె దించి, మూత పెట్టి, మూత మీద బండ పెట్టింది. చేతులు కడుక్కుంది. బియ్యం సంచిలో చెయ్యి పెట్టి బూట్లు తీసింది. ఒక రాతి మీద కూర్చుని కాలు ముందుకు చాపింది. బూటు తాడు కట్టుకోవడానికి ఆమె వంగలేకపోతే నేను కట్టాను.

"వాడు పోయినాడు గదా మొక్కు తీర్చేకి. ఇంగ ఆ మొక్కు అయిపోయినట్టే. ఇప్పుడు నేను పోతా" అంది. మాత్ర అడిగి తీసుకుని వేసుకుంది. నా చేతిలో కర్ర కూడా తీసుకుంది.

అత్త చూస్తోంది. ఆమెకు ఎనభై దాటాయి, ఆ ఇంట్లో ఆమె మాట ఇప్పటికీ చెల్లుతుంది. యాడికి అంది. నడిచేకి అంది అక్క. అత్త ఆ మగ బూట్ల వైపు, పట్టుచీర అంచు వైపు చూసింది. కోతుల్ని అదిలించడానికి పక్కనున్న ఎండుకొమ్మ ఒకటి దగ్గరికి లాక్కుని, "బేగా రా" అంది. నలభై ఏళ్లలో ఆమె కోడలి వైపు మాట్లాడగా నేను విన్నది అదొక్కటే.

అక్క నడిచింది. వాగు పక్కన బండల మీద కర్ర ముందు పెట్టి, తర్వాత కుడికాలు, తర్వాత ఎడమకాలు. మెట్టు వస్తే రెండు కాళ్లూ దాని మీద చేరాక గానీ తర్వాతి మెట్టు చూడలేదు. నొప్పికి పెదవి కొరుక్కునేది, అంతలో ఒక చెట్టు బోదె మీద చెయ్యేసి ఆగి పైకి చూసేది. ఇది ఏం చెట్టు, ఇది మన కానుగ లాగుందే, ఈ నీళ్లు యాడ్నుంచి వస్తాండాయి అని ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. నాకు ఒక్క చెట్టు పేరూ తెలియదు. నా కళ్లు వాచీ మీదున్నాయి. పన్నెండున్నరకు ఉండాల్సిన చోటికి మేమింకా రాలేదు. నడు అక్కా, కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయి, నడు అంటూ నేను ముందు పోయి నిలబడి ఎదురుచూస్తున్నాను. కొడుకు పైనుంచి దిగేలోపు ఆమెను వాడికి ఎదురుగా నిలబెట్టాలి. వాడి మొహం నేను చూడాలి. ఆ ఆశ ఒక్కటే నన్ను నడిపిస్తోంది.

ఒకచోట వాగు వెడల్పయి, పెద్ద పలకబండల మీద పలచగా పారుతోంది. ఎండ ఆకుల్లోంచి అక్కడక్కడా పడుతోంది. అక్క ఒక బండ మీద చతికిలబడింది. బూట్లు విప్పమంది, విప్పాను. పాదాలు నీళ్లలో పెట్టింది. చీర మడతలోంచి మూట తీసింది. రెండు జొన్నరొట్టెలు, కాగితం పొట్లంలో శెనక్కాయల పొడి. ఆ కాగితం నేను రాసిచ్చిన మూడోది, పన్నెండు నుంచి మూడింటి వరకు ఏం చేయాలో ఉన్నది. నేను నవ్వలేదు. పదిహేను నిమిషాలు, అంతకు మించితే కుదరదు అన్నాను.

పదిహేను నిమిషాలయ్యాయి. ఇరవై అయ్యాయి. లే అక్కా అన్నాను.

"సాలు మే. నేనింగ రాను."

నాకేమైందో చెబుతాను. అరిచాను. ఇంత దూరం వచ్చి చాలంటావా? ఇంకో గంటన్నర ఓర్చుకుంటే ఉక్కుస్తంభం. నీ చేను కనబడుతుంది. వాళ్లందరూ నిన్ను గిన్నెల దగ్గర కూర్చోబెట్టారు, నీకు రోషం లేదా? నీ కొడుకు పైనే ఉన్నాడు, నువ్వు నీ కాళ్లతో వచ్చావని వాడు చూడద్దా? నీ కోసం నేను ఎన్ని చేశాను, ఎన్ని అబద్ధాలాడాను అన్నాను. అంటూ ఆమె భుజం కింద చెయ్యేసి లేపబోయాను. నిజంగానే లాగాను.

ఆమె నా చెయ్యి తీసేసింది. అక్క గొంతు పెంచగా నేను ఎప్పుడూ వినలేదు, అప్పుడు కూడా పెంచలేదు.

"ఆ స్తంభం కాడికి పోవల్లని నీకు నేనెప్పుడు చెప్పినా? చేను సూసేకి కొండెక్కల్నా? దాన్ని దినామూ సూస్తానే ఉండా. ఒక పూటన్నా దాన్ని సూడకుండా ఉండల్లని వచ్చినా."

నేను బండ మీద కూర్చుండిపోయాను. టీ అంగడి బెంచీ మీద ఆమె ఏమందో మాట మాటా గుర్తొచ్చింది. ఒక పూట కొండలో నడిచి రావాలని ఉందంది. చేను మాట ఎత్తలేదు. పైకి అనే మాట కూడా లేదు. దాని కింద రెండు గీతలు గీసింది నేను. లేచి వస్తుంటే డాక్టరు చెప్పిన మాట రాసుకోనిదీ నేను. బావ ఆమెను అడగలేదు, కొడుకు అడగలేదు, ఎంత దూరం నడవాలనుందక్కా అని నేనూ అడగలేదు. వాళ్లు ఆమెను కింద కూర్చోబెడితే నేను పైకి ఈడుస్తున్నాను. నాకు ఏడుపొచ్చింది, అది కోపంతో వచ్చిన ఏడుపే.

అక్క రొట్టె ముక్క తుంచి పొడి అద్ది నా చేతిలో పెట్టింది. ఎండ ఆ బండ మీద నుంచి పక్క బండ మీదికి పోయేదాకా కూర్చున్నాం. ఆమె ఏమీ చేయలేదు. ఏరలేదు, గిల్లలేదు, కడగలేదు. చేతులు ఒళ్లో వదిలేసి నీళ్లు చూసింది. నలభై ఆరేళ్లుగా ఆమెను ఎరిగిన దాన్ని, ఆ చేతులు అలా ఊరికే ఉండగా చూడడం అదే మొదలు.

దిగివచ్చేసరికి బావ నిద్రలేచి వెతుకుతున్నాడు, పొంగలి చల్లారిపోయిందని మొహం ముడుచుకున్నాడు. ఎండుకొమ్మ పక్కన పెట్టుకుని అత్త మాత్రం ఏమీ ఎరగనట్టు కూర్చుంది. కొడుకు చెమటలు కక్కుతూ దిగొచ్చాడు. స్తంభం దాకా పోయొచ్చారట. ముడుపు హుండీలో వేశానని చెప్పి ప్రసాదం తల్లి నోట్లో పెట్టాడు. ఫోన్ తెరిచి, పైనుంచి మన ఊరి దిక్కు కూడా కనపడిందమ్మా, ఇదో చూడు అని ఫోటో చూపించాడు. అంతా మంచు కమ్మిన నేల. అక్క చూసి, అట్లనా అంది. తడిసిన బూట్లు బియ్యం సంచిలో పెట్టి, గిన్నె తోమడానికి లేచింది. ఆ గిన్నె ఆమె చేతిలోంచి లాక్కుని నేను తోమాను. దాన్ని ఎంత గట్టిగా తోమానంటే బావ తమ్ముడి భార్య సొట్ట పడుతుందేమోనంది.

ఆపరేషన్ బాగా జరిగింది. చూడవచ్చిన ప్రతి మనిషీ మొక్కు మహిమ అంటున్నారు. కొడుకు కొండెక్కిన కథ వార్డులో పక్క మంచాల వాళ్లకు కూడా తెలుసు. విన్నప్పుడల్లా నాకు మండుతుంది, అయినా నోరు మూసుకుంటున్నాను. ఆ కథకు ముడుపు కట్టింది నేనే.

మూడోరోజు నర్సు అక్కను నడిపించింది. చక్రాల స్టాండు పట్టుకుని తలుపు దాకా పోవాలి, పన్నెండడుగులు. నేను కుర్చీ పట్టుకుని వెనకాలే నడుస్తూ అలవాటు కొద్దీ బయటికే లెక్కపెడుతున్నాను. ఎనిమిదో అడుగు దగ్గర అక్క ఆగింది. ఇంకో నాలుగే అనబోయి, నోరు తెరిచి, ఆమె మొహం చూశాను. కుర్చీ అక్కడికే తీసుకుపోయి వేశాను.